అతను అంటే ఎవరు?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఇంగ్లీషు సర్వనామాల మీద గంటలకొద్దీ క్లాసులు జరుగుతాయి. ‘ఎవ్రీబడీ’ తర్వాత ‘హిజ్’ రావాలా ‘దెయిర్’ రావాలా అని పిల్లలు తలలు బద్దలు కొట్టుకుంటారు. అక్కడ నేర్చుకునే ఆ శ్రద్ధలో కొంత తెలుగుకీ దక్కాలి. అందుకని పక్కనే ఉన్న కొత్తపేటలో ఒకప్పుడు నడిచిన పండ్ల మార్కెట్ గురించి ఒక పేరా తయారుచేద్దాం. కాగితాల్లో గడ్డిఅన్నారం మార్కెట్ అని ఉన్నా, జనం నోట అది కొత్తపేట పండ్ల మార్కెట్టే. ముడి పేరా ఇది:

“నల్లగొండ వైపు నుంచి రైతులు లారీల్లో బత్తాయిలు తెచ్చేవాళ్లు. తెల్లవారేసరికి అవి గేటు దగ్గర ఉండేవి. రైతు కమీషన్ ఏజెంటును కలిసేవాడు. అతను ఈసారి నష్టపోయాడని అతనితో అనేవాడు. బయట బండి మీద పండ్లమ్మే ఆవిడ చీకటితోనే వచ్చేది. ఆమె ఎవరినీ వట్టి చేతులతో పంపేవారు కాదు. 2021లో ప్రభుత్వం మార్కెట్‌ను బాటసింగారానికి తరలించింది. వాళ్లు ఆ స్థలంలో ఆస్పత్రి కడుతున్నారు. మనకు ఆ సందడి ఇంకా గుర్తుంది.”

ముందుగా పెన్సిల్ తీసుకుని ప్రతి సర్వనామం కిందా గీత గీయండి. అది ఏ మాటకు బదులుగా వచ్చిందో ఆ మాట దాకా బాణం వేయండి. మొదటి బాణమే రెండుగా చీలిపోతుంది. ‘అవి’ అంటే లారీలా, బత్తాయిలా? రెండూ మనుషులు కాని అమహత్తులే, రెండూ బహువచనాలే, ‘ఉండేవి’ అన్న క్రియ రెంటికీ సరిపోతుంది. వ్యాకరణం ఇక్కడ ఆదుకోదు. ‘ఆ లారీలు’ అని పేరే మళ్లీ రాయాలి. ఒక మాట రెండుసార్లు వస్తే బాగుండదన్న భయం చాలామందికి ఉంటుంది గానీ, చదివేవాళ్లు ఆగిపోవడం కంటే అదే నయం.

తర్వాత క్రియల చివర్లు చూడాలి. తెలుగులో సర్వనామం కంటికి కనిపించకపోయినా క్రియలో కూర్చునే ఉంటుంది: ‘వచ్చాను’, ‘వచ్చావు’ అంటే చాలు, మనిషి తెలిసిపోతాడు. 1858 నాటి బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి చెప్పిన మహత్తు, అమహత్తు భేదం పనిచేసేది ఇక్కడే. ఏకవచనంలో పురుషుడొక్కడే ‘వచ్చాడు’. ఆడమనిషి వచ్చినా, మేక వచ్చినా, బండి వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. బహువచనంలో మాత్రం ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి ‘వచ్చారు’లోకి వెళ్తారు, మేకలు, బండ్లు ‘వచ్చాయి’ దగ్గర ఉండిపోతాయి. లెక్కలోనూ అంతే, ముగ్గురు ఆడవాళ్లు, మూడు బండ్లు. తమిళంలో ఆమె వస్తే ‘వందాళ్’, బండి వస్తే ‘వందదు’. ఆ తేడా మన ఏకవచన క్రియలో లేదు కాబట్టి, ఆడమనిషీ బండీ ఒకే వాక్యంలో ఉన్నప్పుడు కాస్త చూసుకు రాయాలి.

మన పేరాలో ఆవిడకు జరిగిన అన్యాయం వేరు. ఒక వాక్యంలో ‘వచ్చేది’, మరుసటి వాక్యంలో ‘పంపేవారు కాదు’. మర్యాద మధ్యలో మారకూడదు. ‘ఆవిడ వచ్చేవారు’ అని మొదలుపెడితే చివరిదాకా అదే నడవాలి. నేనైతే అదే ఎంచుకుంటాను. గౌరవమూ దక్కుతుంది, బండితో తికమకా ఉండదు. అయితే కొత్తపేట మనిషి ‘ఆయన వచ్చిండు’ అంటే దాన్ని దిద్దబోకండి. ఇక్కడి మాటలో అది మర్యాదే. ఆ మాట ఆయన నోట పెట్టేటప్పుడు అలాగే ఉంచాలి.

అసలు చిక్కు రైతు, ఏజెంటు దగ్గర ఉంది. ఇద్దరూ ‘అతను’లే. నష్టపోయింది ఎవరు, ఎవరితో అన్నారు? దీనికి తెలుగులో చక్కని సాధనం ‘తాను’. అది వాక్యంలో కర్త వైపే చూస్తుంది. “తాను ఈసారి నష్టపోయానని రైతు ఏజెంటుతో అనేవాడు” అని రాసి చూడండి. ‘తాను’ రాగానే లోపలి క్రియ ‘నష్టపోయాను’ అని ఉత్తమపురుషలోకి తిరిగింది. రైతు తన నోటితో అన్న మాట ఆ ‘ను’లో అలాగే నిలిచింది. “అతను నష్టపోయాడని రైతు అనేవాడు” అంటే నష్టం ఇంకెవరిదో అయిపోతుంది. ఇంత స్పష్టత ఇచ్చే మాట చేతిలో ఉండగా, వార్తల్లోనూ వ్యాసాల్లోనూ ‘అతను అతనితో’ అని రాస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇంగ్లీషు క్లాసులో పిల్లల్ని వేధించే ‘ఎవ్రీబడీ’ కూడా తెలుగులో చిక్కే కాదు: ‘ఎవరి సంచి వాళ్లు తెచ్చుకోవాలి’ అంటే ఆడా మగా అందరూ వచ్చేశారు.

‘ప్రభుత్వం’ అమహత్తు, ఏకవచనం. దాని వెనక ‘వాళ్లు’ అతకదు. ‘అది కడుతోంది’ అన్నా చెవికి ఎబ్బెట్టే. సర్వనామం తీసేసి రెండు వాక్యాల్నీ కలిపేస్తే సరి. ‘తరలించారు’ అని కర్త లేకుండా రాసే అలవాటు కూడా మానాలి. ఎవరు తరలించారో చదివేవాళ్లకు తెలియాలి.

ఇక ‘మనకు’. చదివేవాళ్లు కూడా కొత్తపేటవాళ్లయితే అది సరైనదే. ఈ పేరా వరంగల్‌లోనో విజయవాడలోనో చదువుతారనుకుంటే ‘మాకు’ అనాలి. ఇది బయటివాళ్ల కోసం అనుకుందాం:

“నల్లగొండ వైపు నుంచి రైతులు లారీల్లో బత్తాయిలు తెచ్చేవాళ్లు. తెల్లవారేసరికి ఆ లారీలు గేటు దగ్గర బారులు తీరేవి. తాను ఈసారి నష్టపోయానని రైతు కమీషన్ ఏజెంటుతో అనేవాడు. బయట బండి మీద పండ్లమ్మే ఆవిడ చీకటితోనే వచ్చేవారు, ఎవరినీ వట్టి చేతులతో పంపేవారు కాదు. 2021లో ప్రభుత్వం మార్కెట్‌ను బాటసింగారానికి తరలించి, ఆ స్థలంలో ఆస్పత్రి నిర్మాణానికి పూనుకుంది. ఆ సందడి మాకు ఇంకా గుర్తుంది.”