చేతిలో చాట, కాగితం మీద సున్నా

మొన్న ఆదివారం రాత్రి మా పిన్ని కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. ఎం.ఏ. సోషియాలజీలో చేరి ఇంకా రెండు నెలలు నిండలేదు. గొంతు వింటే జ్వరమొచ్చిందేమో అనుకున్నాను. "అక్కా, రీసెర్చ్ మెథడ్స్ పేపర్ నా వల్ల కాదు. లెక్కలు తప్పించుకుందామనే కదా ఇంటర్లో హెచ్‌ఈసీ తీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ స్టాటిస్టిక్స్ అంటున్నారు, ల్యాబ్‌లో డేటా ఎక్కించాలంటున్నారు" అని ఒకటే ఏడుపు. గంటన్నర మాట్లాడుకున్నాం. ఫోన్ పెట్టేశాక అనిపించింది, ఇలా బెంగపెట్టుకున్న చెల్లెళ్ళు ఇంకెన్ని హాస్టళ్ళలో ఉన్నారో అని. అందుకే దానితో చెప్పిన మాటలే మీతోనూ చెప్పుకుంటున్నాను.

ముందు నా సంగతి వినండి. మా మేడమ్ మొదటి సెమిస్టర్‌లోనే మమ్మల్ని సర్వేకి పంపారు. తలా ఇరవై ఇళ్ళు. చేతిలో షెడ్యూలు. జవాబిచ్చేవాళ్ళే రాసి ఇచ్చేదాన్ని ప్రశ్నావళి అంటారు, మనం అడిగి మనమే నింపేది షెడ్యూలు. నాకు పడిన ఊరు సిరిసిల్ల దగ్గర. ఒక వాకిట్లో వేపచెట్టు నీడన ఒకామె ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంది. చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారపు ఉండ. షెడ్యూల్లో ఏడో ప్రశ్న వృత్తి గురించి. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాను.

"ఏం పని జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది.

ఆ మాట అంటుండగానే ఆమె వేళ్ళు ఆకులో తంబాకు వేసి చుట్టి, కొస మడిచి, దారం కట్టి ఒక బీడీని పక్కన పెట్టేశాయి. కళ్ళతో చూస్తూనే ఉన్నాను. చూస్తూనే 'పని లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయడమే నిజాయితీ అనుకున్నాను.

వారం తర్వాత మేడమ్ ముందు కాగితాలు పెట్టాను. నా ఇరవై ఇళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళకు పనే లేదు. ఆవిడ ఒక్కో ఇంటి గురించీ అడిగారు. ఎక్కడ కూర్చుంది, ఏం చేస్తోంది అని. బీడీల సంగతి చెప్పాను. "మరి ఈ కాగితంలో ఆమె చేతులు ఎక్కడున్నాయమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాఠ్యపుస్తకంలో విశ్వసనీయత, సప్రమాణత అని రెండు మాటలుంటాయి. పరీక్షలో తేడా రాయమంటారు. నాకు ఆ తేడా ఆ చాట దగ్గరే తెలిసింది. ఆ ప్రశ్న నేనడిగినా, నా స్నేహితురాలు అడిగినా, ఇవాళ అడిగినా, వచ్చే నెల అడిగినా ఆమె "ఇంట్లనే ఉంట" అనే అంటుంది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తోందంటే విశ్వసనీయత ఉన్నట్టే. కానీ నేను తెలుసుకోవాలనుకున్నది ఆమె పని. నాకు దొరికింది, పని అనే మాటకు ఆమె ఇచ్చుకున్న అర్థం. కొలవాలనుకున్నదాన్నే కొలిచానా అన్నది సప్రమాణత. అది నా ఏడో ప్రశ్నకు లేదు. తప్పు ఆమె జవాబులో లేదు, నా ప్రశ్నలో ఉంది.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఈసారి "నిన్న నిద్ర లేచినప్పటి నుంచి ఏమేం చేశారో చెప్తారా అమ్మా?" అని అడిగాను. నాలుగ్గొట్టంగ లేచి వాకిలి ఊడ్చిన కాడి నుంచి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్ళు, బర్రె, వంట, పిల్లల బడి, ఆకు తడపడం, కత్తిరించడం, చుట్టడం, కట్టలు కట్టడం, కార్ఖానాలో అప్పజెప్పి రావడం, మళ్ళీ వంట. నా కాగితం సరిపోలేదు. వెనక్కి తిప్పి రాసుకున్నాను.

ఇలాగే అడిగి దేశమంతా లెక్క తీయొచ్చా అంటే, తీశారు. 2019 జనవరి నుంచి డిసెంబరు దాకా మన జాతీయ గణాంక కార్యాలయం సమయ వినియోగ సర్వే చేసింది. 1,38,799 ఇళ్ళకు వెళ్ళి, ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల దాకా ఏం చేశారో అరగంట అరగంటగా అడిగి రాసుకున్నారు. ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేసే ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పేపర్లలో ఎక్కువగా కనిపించింది ఈ రెండు అంకెలే.

మా చెల్లికి ఈ అంకెలు చెప్పగానే, "పోనీలే అక్కా, మగవాళ్ళూ గంటన్నర చేస్తున్నారుగా" అంది. అక్కడే ఆపాను. సగటు అనే మాట వినపడగానే, ఎవరి మీద తీసిన సగటు అని అడగాలి. ఆ 97 నిమిషాలు ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ సగటు. అసలు చెయ్యి పెట్టినవాళ్ళు ఎంతమంది? ఆరేళ్ళు, ఆపై వయసున్న మగవాళ్ళలో 26.1 శాతం. ఆడవాళ్ళలో 81.2 శాతం. చేసినవాళ్ళనూ చేయనివాళ్ళనూ కలిపి భాగిస్తే మగవాళ్ళ సగటు దాదాపు 25 నిమిషాలకు దిగిపోతుంది, ఆడవాళ్ళది 243 దగ్గర ఆగుతుంది. రెండు జతలూ నిజమైన అంకెలే. మూడింతలు అనిపించిన తేడా దాదాపు పదింతలకు చేరింది. దీనికి కావలసిన గణితం ఒక గుణకారం, అంతే. ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నా ఇది చేయగలం.

ఇక ఎవరిని అడగాలన్నది. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడాలంటే గిన్నెడూ తాగనక్కర్లేదు, గరిటెడు చాలు. కానీ కలిపి చూడాలి. కలపకుండా పైపైన తీసిన తేట చప్పగానే ఉంటుంది. గరిటె ఎంత పెద్దదైనా లాభం లేదు. అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులొచ్చాయి. ఓడిపోతాడని ఆ పత్రిక చెప్పిన రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు చాలావరకు ఫోన్ డైరెక్టరీల నుంచీ కార్ల రిజిస్ట్రేషన్ల నుంచీ తీసుకున్నారు. ఆ ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరు? దానికి తోడు తిరిగి జవాబు రాసిందీ కొందరే. నా సర్వేలోనూ ఇదే జరిగిందని తర్వాత గ్రహించాను. పొద్దున పదకొండింటికి వెళ్ళి తలుపు తీసి ఉన్న ఇళ్ళలోనే అడిగాను. నాట్లకు పోయినవాళ్ళ తలుపులకు తాళాలున్నాయి. వాళ్ళను వదిలేసి పక్కింటికి నడిచాను.

ల్యాబ్ గురించి భయపడుతున్నారు కదా, అక్కడ జరిగేది చాలావరకు బియ్యం ఏరడమే. ఎక్సెల్ అయినా, ఎస్‌పీఎస్‌ఎస్ అయినా, డబ్బు పెట్టకుండా దొరికే ఆర్ అయినా సగం కష్టం డేటాను శుభ్రం చేయడంలోనే ఉంటుంది. వయసు చెప్పనివాళ్ళకు 99 అని కోడు వేస్తాం. అది 'తెలియదు' అన్నదానికి గుర్తని కంప్యూటర్‌కు చెప్పకపోతే, వాళ్ళందరినీ తొంభై తొమ్మిదేళ్ళ ముసలమ్మలుగా లెక్కగట్టి సగటు పెంచేస్తుంది. అందుకే సగటు తీయకముందే ప్రతి నిలువు వరుసలోనూ అన్నిటికంటే చిన్న అంకె, పెద్ద అంకె ఏమిటో చూసుకోవాలి. ఏ కోడు దేనికి వేశారో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. చాటలో బియ్యం చెరిగి మట్టిగడ్డలు ఏరడం తెలిసినవాళ్ళకు ఆ ఓపిక ఇప్పటికే ఉంది.

నాకు చాలా ఇష్టమైన కథ ఒకటి చెబుతాను. లండన్‌లో 1854లో కలరా ప్రబలింది. జాన్ స్నో అనే డాక్టరుకు నీళ్ళ మీద అనుమానం. నగరం దక్షిణ భాగంలో రెండు నీటి కంపెనీలు ఒకే వీధుల్లో పక్కపక్క ఇళ్ళకు నీళ్ళిచ్చేవి. సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్ కంపెనీ మురుగు కలిసిన చోట థేమ్స్ నీళ్ళు తోడేది. లాంబెత్ కంపెనీ నదికి ఎగువన తోడేది. కలరాతో మనిషి పోయిన ప్రతి ఇంటికీ వెళ్ళి, మీకు ఏ కంపెనీ నీళ్ళని అడగాలి. చిక్కేమిటంటే చాలామందికి ఆ సంగతే తెలియదు. అద్దెకున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అప్పుడాయన ఏం చేశాడంటే, నీళ్ళనే అడిగాడు. ఒక కంపెనీ నీళ్ళలో ఉప్పు బాగా ఎక్కువ. సిల్వర్ నైట్రేటు చుక్కలు వేస్తే తేడా తెలిసిపోతుంది. అలా లెక్క తేల్చాడు. మొదటి కంపెనీ నీళ్ళు వాడిన 40,046 ఇళ్ళలో 1,263 మంది పోయారు. రెండోదానివి వాడిన 26,107 ఇళ్ళలో 98 మంది. ఇళ్ళ సంఖ్య వేరువేరు కాబట్టి చావులను ఉత్తినే పోల్చకూడదు. పదివేల ఇళ్ళకు ఇన్ని అని తెచ్చుకోవాలి. అలా తెస్తే 315 ఒకవైపు, 37 ఒకవైపు. అవే వీధులు, అలాంటి మనుషులే, నీళ్ళు మాత్రం వేరు. కలరా క్రిమి సంగతి అప్పటి డాక్టర్లలో దాదాపు ఎవరూ ఎరగరు. అడిగిన మనిషికి జవాబు తెలియనప్పుడు ఆ మనిషిని తప్పుపట్టకుండా ఇంకో దారి వెతుక్కున్నాడే, అందుకే నాకా డాక్టరంటే అంత గౌరవం.

పి విలువ అనగానే మా చెల్లి గొంతు మళ్ళీ సన్నబడింది. దానికి టీ కథ చెప్పాను. 1920ల్లో ఇంగ్లండులో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పగలనన్నారట. ఆమెతో ఒకేచోట పనిచేసే రోనాల్డ్ ఫిషర్ దాన్ని పరీక్షకు పెట్టాడట. 1935లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఇలాంటి పరీక్షనే పేరు లేకుండా వివరించాడు. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా, వరస కలిపేసి ఇవ్వాలి. ముందుగా, ఆమెకు తేడా తెలియదు, ఊహించి చెబుతోంది అనుకుందాం. దీన్నే శూన్య పరికల్పన అంటారు. ఎనిమిదింటిలో నాలుగు ఏరడానికి 70 దారులున్నాయి. ఊహతోనే నాలుగూ సరిగ్గా తగలడం డెబ్భైలో ఒక్కసారి. అంత అరుదైనది కళ్ళముందు జరిగితే, ఉత్త ఊహే అనడం కష్టమవుతుంది. నాలుగింట్లో కనీసం మూడు తగలడమంటారా, అది డెబ్భైలో పదిహేడు సార్లు ఊహతోనే జరిగిపోతుంది. దాంతో ఏమీ తేల్చలేం. ఉత్త ఊహే అయితే కనీసం ఇంత మంచి ఫలితం ఎన్నిసార్లు వస్తుంది అన్నదే పి విలువ. అది చిన్నదైతే తేడా పెద్దదని అర్థం కాదు. ఈ పొరపాటు పెద్ద చదువులు చదివినవాళ్ళ థీసిస్‌లలోనూ చూశాను.

ఇంకో మాట, ఏ ప్రశ్న ఎవరి ముందు అడుగుతున్నామన్నది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంటే కోడలు ఒక జవాబు చెబుతుంది, బావి దగ్గరైతే వేరే జవాబు చెబుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇంట్లో హింస గురించిన ప్రశ్నలు ఒక్కో ఇంట్లో ఒక్క మహిళనే, అదీ ఏకాంతం దొరికితేనే అడుగుతారు. ఆమె జవాబు కన్నా ఆమె క్షేమం ముందు. మీ షెడ్యూల్లో గడి ఖాళీగా మిగిలినా ఫర్వాలేదు, ఎవరినీ ఇరకాటంలో పెట్టకండి.

స్టాటిస్టిక్స్ మన ఇంటి చదువు కాదని దిగులు పడేవాళ్ళకు సి.ఆర్. రావు గారి పేరు గుర్తుచేస్తాను. తెలుగింటి బిడ్డ. 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా వెళ్ళి 1945లో రాసిన పరిశోధన వ్యాసాన్ని ప్రపంచంలో ఏ దేశంలో స్టాటిస్టిక్స్ చెప్పినా నేటికీ తలుచుకుంటారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆయన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకాన్ని అమ్మ లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. చిన్నతనంలో రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, చదువుకోవడానికి నూనెదీపం వెలిగించి పెట్టేదని అందులో తలుచుకున్నారు. ఆ రోజుల్లో ఎవరైనా షెడ్యూలు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళి, ఏం పని చేస్తారమ్మా అని అడిగి ఉంటే ఆ తల్లి ఏమనేదో మనకు తెలుసు.

ఈ మాట చెప్పాక అవతల కాసేపు చప్పుడు లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. కాగితాల గరగర వినిపించింది. వచ్చే సోమవారం వాళ్ళను జగిత్యాల వైపు ఊళ్ళకు తీసుకెళ్తున్నారట. "అక్కా, నా షెడ్యూల్లో నాలుగో ప్రశ్న కొట్టేశాను. కొత్తది రాశాను, చదవనా?" అంది.

చదవమన్నాను.

"నిన్న పొద్దున నాలుగింటికి మీరు ఏం చేస్తున్నారమ్మా?"