కంచె లేని దిక్కు

కెన్యా రాజధాని నైరోబి నగరాన్ని ఆనుకొని ఒక అభయారణ్యం ఉంది. 1946లో ఏర్పడిన ఈ నైరోబి జాతీయ వనం ఆ దేశంలో మొట్టమొదటిది. దాని విస్తీర్ణం 117 చదరపు కిలోమీటర్లు. జిరాఫీలు తుమ్మచెట్ల చిగుళ్ళు మేస్తుంటే వాటి వెనుక నగరంలోని ఆకాశహర్మ్యాలు కనిపిస్తాయి.

నల్లమల అంచునున్న ఒక పల్లె నుండి వెళ్ళిన ఉపాధ్యాయుడొకరు నైరోబిలోని ఒక పాఠశాలలో జీవశాస్త్రం బోధించేవారు. పిల్లలు ఆయనను ‘మ్వాలిము’ అని పిలిచేవారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు గురువు అని అర్థం. ఒక ఏడు ఏడవ తరగతి పిల్లలు ముప్పై నలుగురిని ఆ వనానికి తీసికొనిపోయే బాధ్యత ఆయనపై పడింది. ఆయన ముందురోజే ప్రశ్నలు రాయించారు. వాటిలో చివరిది: ‘మీరు అన్నిటికన్నా మిన్నగా చూడగోరే మృగమేది? ఎందుకు?’

బస్సు దిగరాదని, కిటికీలోంచి చేతులు చాపరాదని ఆయన పదేపదే హెచ్చరించారు. జంతువుల పేర్లు చెప్పడంలో మాత్రం ఆయన పాండిత్యం ఎక్కువసేపు నిలవలేదు. గడ్డిలో నిలిచిన ఒక మృగాన్ని చూపి ‘వైల్డ్‌బీస్ట్’ అనగానే, “కాదు మ్వాలిము, అది కొంగోని” అని ఒక బాలిక సవరించింది. బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు.

దంతాలు దహనం చేసిన చోట అందరూ దిగారు. వేటగాళ్ళ నుండి స్వాధీనం చేసికొన్న 12 టన్నుల ఏనుగు దంతాలను 1989లో అక్కడే కాల్చివేశారు. 2016లో మరి 105 టన్నులు బూడిద చేశారు. ఏనుగులే లేని వనంలో ఏనుగుల స్మారకం ఉండడం పిల్లలకు వింతగా తోచింది.

మధ్యాహ్నం ఉపాధ్యాయుడు పుస్తకాలు చూశారు. దాదాపు అందరూ ‘సింహం’ అని రాశారు. హాస్టలులో ఉండి చదువుకొనే ఒక మసాయి బాలుడు మాత్రం ఆ చోటు ఖాళీగా వదిలాడు.

“నీకు సింహాన్ని చూడాలని లేదా?”

“చూశాను మ్వాలిము. మా ఆవును తింటుండగా చూశాను.”

ఆ బాలుని ఇల్లు వనానికి దక్షిణాన ఉన్న కిటెంగెలాలో ఉంది. వనానికి మూడు వైపుల కంచె ఉంది కాని దక్షిణాన లేదు. వానలు కురిసినపుడు జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు అటుగా మైదానాలలోకి సాగిపోతాయి. ఎండలు ముదిరినపుడు నీటికోసం మరలి వస్తాయి. ఆ దారి మూసివేస్తే వనం పెద్ద జంతుప్రదర్శనశాలగా మారిపోతుంది. అయితే తెరచి ఉంచిన దారిన సింహాలూ నడుస్తాయి. మంద దొడ్డిలో రాత్రి కావలి ఉండేది పశువుల కాపరే. 2012 జూన్‌లో తమ మందలపై దాడి జరిగినందుకు కిటెంగెలావాసులు ఆరు సింహాలను చంపారు. వనాన్ని మెచ్చుకొని వెళ్ళే యాత్రికుడు ఆ కాపరి చెల్లిస్తున్న మూల్యాన్ని ఎరుగడు.

ఆ ప్రాంతపు బాలుడే రిచర్డ్ టురెరె దీనికొక ఉపాయం కనిపెట్టాడు. కదిలే టార్చి వెలుగుకు సింహాలు జంకుతాయని గమనించి, పదకొండేళ్ళ వయసులో దొడ్డి చుట్టూ బల్బులు అమర్చాడు. సౌరఫలకంతో, పాత కారు బ్యాటరీతో అవి ఒకదాని తరువాత ఒకటి మినుకుమనేవి. మనిషే దీపం పట్టుకొని తిరుగుతున్నాడని సింహం భ్రమించేది. ఈ సంగతిని అతడు 2013లో అంతర్జాతీయ వేదికపై వివరించాడు.

“మీ ఇంట ఆ దీపాలున్నాయా?” అని ఉపాధ్యాయుడు అడిగారు.

“ఉన్నాయి. బ్యాటరీ అయిపోయిన రాత్రి మా నాన్న నిద్రపోడు.”

ఉపాధ్యాయుడు కొంతసేపు మాట్లాడలేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరిందని ఆయన ఎన్నో తరగతులలో చెప్పారు. తన ఊరిలో పులి బారిన పడి ఎద్దును పోగొట్టుకొన్న రైతు ఇంటికి మాత్రం ఎన్నడూ వెళ్ళలేదు.

బస్సు బయలుదేరే ముందు ఆయన పిల్లలను రెండుసార్లు లెక్కించారు. అందరూ ఉన్నారు. మరునాడు పుస్తకాలు దిద్దుతూ, ఆ బాలుడు వదిలిన ఖాళీకి ఎదురుగా ఆయన తప్పు గుర్తు పెట్టలేదు. ప్రశ్ననే కొట్టివేశారు.