పాట వచ్చినవాళ్లకు ఒక వృత్తి: అత్తిబెలె నుంచి మ్యూజిక్ థెరపీ దారి

అత్తిబెలెలో బస్సెక్కి బెంగళూరు వైపు వెళ్తుంటే చందాపుర, బొమ్మసంద్ర, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు వరసగా వస్తాయి. పని వెతుక్కుంటూ బయల్దేరే మన పిల్లల్లో చాలామంది ఈ నాలుగింటిలో ఏదో ఒకచోట దిగిపోతారు. అదే హోసూరు రోడ్డు మీద ఇంకొంచెం ముందుకు వెళ్తే నిమ్‌హాన్స్ వస్తుంది. అక్కడ ఓపీ చీటీ కోసం దిగేవాళ్లే ఎక్కువ. ఇక్కడి పనిలో నాకూ చోటుంటుందా అని ఆలోచిస్తూ దిగేవాళ్లు తక్కువ. పాట వచ్చి, మనుషుల దగ్గర ఓపిగ్గా కూర్చోగల పిల్లలకు ఆ స్టాపు గురించే చెప్పాలనిపించింది.

19వ శతాబ్దంలో పిచ్చాసుపత్రిగా మొదలై, 1974లో నిమ్‌హాన్స్‌గా మారిన సంస్థ అది. అక్కడి క్లినికల్ సైకాలజీ విభాగంలో డాక్టర్ శాంతల హెగ్డే నడిపే మ్యూజిక్ కాగ్నిషన్ ల్యాబ్ ఉంది. సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుంది, దెబ్బతిన్న మెదడు కోలుకోవడానికి దాన్ని ఎలా వాడాలి అన్నది అక్కడి పరిశోధన. అత్తిబెలె నుంచి సుమారు 30 కిలోమీటర్లు. 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్ర దాకా మెట్రో కూడా నడుస్తోంది.

మ్యూజిక్ థెరపీ అనగానే ఫోనులో వేణుగానం పెట్టుకుని కళ్లు మూసుకోవడం అనుకుంటారు. అది మంచి అలవాటే గానీ థెరపీ కాదు. ఎదుటి మనిషికి ఉన్న ఇబ్బంది ఏమిటో ముందు పరీక్షించి తెలుసుకోవాలి. ఏం సాధించాలో రాసుకోవాలి. దానికి తగ్గ పాటనో, తాళాన్నో, వాయిద్యాన్నో ఎంచుకుని, వారాల తరబడి పనిచేసి, ఎంత మార్పు వచ్చిందో కొలవాలి. దీన్ని ఒక చదువుగా 1944లో అమెరికాలో ఇప్పటి మిచిగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టారు. యుద్ధం నుంచి గాయాలతో తిరిగొచ్చిన సైనికుల ఆసుపత్రుల్లో సంగీతకారులు వాయించేవారు. ఉత్త వాయించడం చాలదని, రోగి గురించి కూడా చదవాలని అక్కడే తేలింది.

ఒక పద్ధతిని దగ్గరగా చూద్దాం. పక్షవాతం వచ్చి ఎడమ మెదడు దెబ్బతిన్న కొందరికి ఎదుటివాళ్ల మాట అర్థమవుతుంది, తమ నోట మాట రాదు. అదే మనిషి తెలిసిన పాట పల్లవిని మాటలతో సహా పాడేస్తుంటే ఇంట్లోవాళ్లు నివ్వెరపోతారు. ఆ పాడగలిగే శక్తిని ఆసరా చేసుకుని 1973లో బోస్టన్‌లో మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీని రూపొందించారు. థెరపిస్టు ఎదురుగా కూర్చుని రోగి ఎడమచేతిని పట్టుకుంటారు. "నీళ్లు కావాలి" అన్న మాటను పై స్వరం, కింది స్వరం రెండే వాడి నెమ్మదిగా పలుకుతూ, అక్షరానికొక తట్టు చొప్పున ఐదుసార్లు చేతిని తడతారు. ముందు థెరపిస్టు ఒక్కరే అంటారు, తర్వాత ఇద్దరూ కలిసి. ఆపైన థెరపిస్టు గొంతు మధ్యలో సన్నబడి ఆగిపోతుంది, మిగతాది రోగి ముగించాలి. చివరికి రాగం తీసేసి మామూలు మాటగా అనిపిస్తారు. ఒక్క వాక్యానికి రోజులు పట్టవచ్చు.

ఇక్కడ తెలుగువాళ్లకే ఉన్న పని ఒకటుంది. ఇంగ్లిషులో నొక్కి పలికే అక్షరాన్ని పై స్వరంలో పెడతారు. తెలుగు మాటలో నొక్కు అలా ఉండదు. మనకున్నది గురువులు, లఘువులు. "నీళ్లు కావాలి"లో నీ, కా, వా గురువులు. పై స్వరం, సాగదీత వాటి మీద పెడితే మాట సహజంగా వస్తుందని నాకనిపిస్తుంది. హైస్కూల్లో మార్కుల కోసం గణాలు కట్టిన పిల్లలు ఆ చదువుతో ఒక మనిషి నోట మాట తెప్పించే రోజు రావచ్చు.

జ్ఞాపకశక్తి, ఏకాగ్రతల మీద బాగా పేరున్న అధ్యయనం 2008లో ఫిన్లాండ్‌లో జరిగింది. పక్షవాతం వచ్చిన 60 మందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపువాళ్లు రెండు నెలల పాటు రోజూ తమకిష్టమైన సంగీతం వినేలా, రెండో గుంపువాళ్లు చదివి వినిపించే పుస్తకాలు వినేలా చేశారు. మూడో గుంపుకు మామూలు వైద్యం. సంగీతం విన్నవాళ్లలో మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మిగతా రెండు గుంపులవాళ్లకంటే బాగా కోలుకున్నాయి. అందులో నాకు ముఖ్యంగా కనిపించేది "తమకిష్టమైన" అన్న మాట. పాటను డాక్టరు ఎంచలేదు, రోగే ఎంచుకున్నాడు.

పిల్లల ఏకాగ్రతకు చేసే అభ్యాసాలు చూడటానికి ఆటల్లా ఉంటాయి. పాట సాగినంతసేపు డప్పు కొట్టాలి, పాట ఆగిన క్షణాన చెయ్యి ఆగిపోవాలి. కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి ఆ ఆపడమే అసలు సాధన. విశ్రాంతి విషయంలో మన చెక్కభజన తెలిసినవాళ్లకు ఒక సూత్రం వెంటనే అర్థమవుతుంది. భజన నెమ్మదిగా మొదలై దరువు పెరుగుతూ పోతుంది, చివరికి ఒళ్లంతా ఊగుతుంది. థెరపిస్టు దీన్ని తిరగేస్తారు. ఆందోళనలో ఉన్న మనిషి ముందు మొదటే జోలపాట అందుకుంటే చిరాకు పుడుతుంది. అందుకే ఆ గుండెదడకు సరిపోయే వేగంలో మొదలుపెట్టి, మెల్లమెల్లగా లయ తగ్గిస్తూ ఊపిరిని దానితో పాటు కిందికి తీసుకొస్తారు.

ఇక అత్తిబెలె సంగతి. చెక్‌పోస్టు దాటితే జూజువాడి, అది తమిళనాడు. పాత పేరు చెప్పాలంటే ఇదంతా మొరసునాడు. ఇక్కడ ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ, హోసూరుకు వెళ్తే తమిళం, ఫ్యాక్టరీలో హిందీ. ఇన్ని భాషలు రావడాన్ని మనం గొప్పగా చెప్పుకోము, బయోడేటాలో ఒక మూలన రాసి ఊరుకుంటాం. ఈ వృత్తిలో అదే పెట్టుబడి. 2013లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 648 మందిని పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని చూపించారు. ఆమె తర్వాత నిమ్‌హాన్స్‌కు వచ్చారు. మతిమరుపు ముదిరే కొద్దీ చాలామంది పెద్దలు తర్వాత నేర్చిన భాషలు జారవిడిచి, చిన్ననాటి భాషకు తిరిగొస్తారు. బెంగళూరు ఫ్లాట్‌లో మనవడితో ఇంగ్లిషులో మాట్లాడిన అవ్వ, చివరికి పల్లెలో విన్న ఉయ్యాలపాట దగ్గర ఆగుతుంది. ఆ పాట తెలిసిన థెరపిస్టే ఆమెను చేరగలరు. ఎంత ఖరీదైన యాప్ ఆ పని చేస్తుంది?

కలిసి పాడటానికి ఇంకో బలం ఉంది. 2015లో ఇంగ్లండులో జరిగిన ఒక అధ్యయనంలో, కొత్తగా చేరిన తరగతుల్లో పాటల గుంపువాళ్లు చేతిపనులు, రచన నేర్చుకునే గుంపులవాళ్లకంటే త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. రామమందిరంలో భజన చేసేవాళ్లకు ఇది వింత కాదు. ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చి, షిఫ్టులు చేసి, అద్దెగదిలో ఒంటరిగా పడుకునే కార్మికులకు అలాంటి గుంపు ఒకటి కావాలి. దాన్ని నడపడం కూడా ఈ వృత్తిలో భాగమే.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫలానా రాగం మధుమేహం తగ్గిస్తుంది, ఫలానా రాగం రక్తపోటు తగ్గిస్తుంది అని జాబితాలు చేతులు మారుతుంటాయి. వాటిని నమ్మి చదువు మొదలుపెట్టకండి. ఆటిజం ఉన్న 364 మంది పిల్లల మీద తొమ్మిది దేశాల్లో చేసిన పెద్ద పరిశోధన ఫలితం 2017లో వచ్చింది. అప్పటికప్పుడు అల్లుకునే సంగీతంతో చేసిన థెరపీ ఆటిజం లక్షణాల తీవ్రతను చెప్పుకోదగ్గంత తగ్గించలేదని తేలింది. తల్లిదండ్రులకు ఈ నిజం చెప్పే ధైర్యం మీకుండాలి. సంగీతం మందులకు తోడు, వాటి బదులు కాదు. సంగీతం వింటే మూర్ఛ వచ్చేవాళ్లు కూడా అరుదుగా ఉంటారు. ఒక పాట ఒకరికి ఊరట అయితే, అదే పాట ఇంకొకరికి భర్త పోయిన రోజును గుర్తుచేయవచ్చు. అడగకుండా పాడకూడదు.

మరి ఎలా చదవాలి? డాక్టరుకు, నర్సుకు ఉన్నట్టు మన దేశంలో మ్యూజిక్ థెరపిస్టుకు ప్రత్యేకమైన లైసెన్సు లేదు. కాబట్టి వారాంతపు సర్టిఫికెట్ ఒకటి పట్టుకుని బోర్డు కట్టేవాళ్లూ ఉన్నారు. నా సలహా ఒక్కటే: ముందు మీ కాళ్ల మీద నిలబెట్టే మూల చదువు ఒకటి పూర్తి చేయండి. క్లినికల్ సైకాలజీ, స్పీచ్ అండ్ హియరింగ్, ప్రత్యేక విద్యలో బీఈడీ, ఈ మూడింటికీ 1992 చట్టం కింద పనిచేసే భారత పునరావాస మండలి నమోదు ఉంటుంది. ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ కూడా మంచి దారులే. స్పీచ్ థెరపీకి మైసూరులోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ మనకు దగ్గర. తెలుగునాట ఉండి చదవాలనుకుంటే, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లో ఉంది. ఆ మూల చదువు మీద మ్యూజిక్ థెరపీ చేరాలి. పుదుచ్చేరిలో శ్రీ బాలాజీ విద్యాపీఠ్ మెడికల్ కాలేజీలో దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది. చేరేముందు ఏ కోర్సుకైనా అడగాల్సిన ప్రశ్న: రోగుల మధ్య, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో ఎన్ని గంటలు పనిచేయిస్తారు? అమెరికాలో బోర్డు పరీక్ష రాయాలంటే డిగ్రీతో పాటు సుమారు 1,200 గంటల క్లినికల్ శిక్షణ కావాలి. బ్రిటన్‌లో పీజీ చేసి, ప్రభుత్వ రిజిస్టరులో చేరితే తప్ప మ్యూజిక్ థెరపిస్టు అన్న పేరు పెట్టుకోకూడదు. ఈ కొలతతో చూస్తే ఏ కోర్సు ఎంత గట్టిదో తెలిసిపోతుంది.

సంగీతంలో విద్వాంసులు కానక్కర్లేదు. కర్ణాటకలో జూనియర్, సీనియర్ పరీక్షల స్థాయి ఉండి, శ్రుతి తప్పకుండా పాడటం, కీబోర్డో గిటారో తోడుగా వాయించడం, ఎదుటివాళ్ల శ్రుతికి వెంటనే మారిపోవడం వస్తే మొదలుపెట్టవచ్చు. కచేరీలో వినేవాళ్లు మీ శ్రుతిలోకి వస్తారు, ఇక్కడ మీరే వాళ్ల శ్రుతిలోకి వెళ్లాలి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది ఆస్థానంలో పనిచేసే ఒకాయన చూపులేని కొడుకు సంగీతం నేర్చుకోవడం కోసమే అని చెబుతారు. ఆ కళాశాలకు తర్వాత ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు పుట్టింది బెంగళూరులో, ఆయనకూ చూపు మందమే. సంగీతం ఆసరాగా నిలవడం మనకు కొత్త కాదు, దాన్ని కొలిచి రాసిపెట్టడమే కొత్త.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెబుతాను. "మ్యూజిక్ థెరపిస్టు కావలెను" అన్న ప్రకటన మీకు తరచూ కనిపించదు. ప్రత్యేక పాఠశాలలు, పునరావాస కేంద్రాలు, వృద్ధాశ్రమాలు, చివరిదశ రోగుల ఆశ్రయాలు వారానికి ఇన్ని సెషన్లని పిలుస్తాయి, డబ్బు కూడా సెషన్ లెక్కనే. మొదటి రెండు మూడేళ్లు మూల చదువుతో వచ్చే జీతమే ఇల్లు నడుపుతుంది. అందుకే ఆ చదువు ముందు అన్నాను. బెంగళూరులో డిమెన్షియా ఉన్న పెద్దల కోసం పనిచేసే నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు, మారతహళ్లిలో క్యాన్సర్ చివరిదశ రోగులను చూసుకునే కరుణాశ్రయ లాంటి చోట్ల స్వచ్ఛంద సేవకు వీలుందేమో అడగండి. నాలుగు ఆదివారాలు రోగుల పక్కన కూర్చుంటే ఈ పని మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటి ఈ వారమే మొదలుపెట్టండి. ఇంట్లో అవ్వనో తాతనో, లేకపోతే పక్కింటి పెద్దవాళ్లనో అడిగి, వాళ్లు చిన్నప్పుడు విన్న పాటలు పది రాసుకోండి. పాట మాటలు, ఎవరు నేర్పారు, ఎప్పుడు పాడేవారు, అది పాడుతుంటే వాళ్ల ముఖంలో ఏం మారింది, అన్నీ తేదీ వేసి రాయండి. తెలుగువి, కన్నడవి, తమిళంవి వేరు చేయకండి. కోర్సులో చేరడానికి ఇంటర్వ్యూకు వెళ్లే రోజున మార్కుల జాబితాతో పాటు ఆ నోటుబుక్కు కూడా తీసుకెళ్లండి.