గుర్రాల చెవులలో వైరస్ వల్ల ఏర్పడే తెల్ల మచ్చలు: చికిత్స ఎప్పుడు, ఎలా?

సారాంశం

గుర్రాల చెవి దొప్ప లోపలి భాగంలో పాపిల్లోమా వైరస్ వల్ల ఏర్పడే తెల్లని, పొలుసులతో కూడిన మచ్చలను ‘ఆరల్ ప్లాక్’ అంటారు. ఇవి ప్రాణాపాయం కలిగించవు. అయితే వాటంతట అవి సాధారణంగా మానవు. ఇమిక్విమోడ్ 5 శాతం లేపనం మంచి ఫలితమిస్తున్నప్పటికీ, చికిత్సాకాలంలో చెవి తీవ్రంగా వాచి నొప్పి కలుగుతుంది. అందువల్ల మచ్చ కనబడినంత మాత్రాన చికిత్స మొదలుపెట్టక, గుర్రం పడుతున్న బాధను ప్రమాణంగా తీసుకొని నిర్ణయించడం అవసరం.

నేపథ్యం

2012 పశుగణనలో దేశంలో సుమారు 6.25 లక్షలుగా ఉన్న గుర్రాల సంఖ్య 2019 నాటికి 3.4 లక్షలకు తగ్గింది. మిగిలినవి అధికంగా బండ్లకు, పెళ్లి ఊరేగింపులకు, సముద్ర తీరాలలో స్వారీకి, పందేలకు ఉపయోగపడుతున్నాయి. వీటి యజమానులలో చాలామందికి ఒక్క గుర్రమే జీవనాధారం. చెవిని తాకనివ్వని గుర్రానికి కళ్లెం తొడగడం కష్టం. కళ్లెం తొడగలేని గుర్రం ఆ రోజు పనికి రాదు. చెవిలో తెల్ల మచ్చలు చూసిన యజమాని సలహా కోసం వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సమాధానం ఆ కుటుంబ ఆదాయాన్ని ప్రభావితం చేయగలదు.

వ్యాధి కారకం, వ్యాప్తి

ఈ మచ్చలలో గుర్రపు పాపిల్లోమా వైరస్ 3, 4, 5, 6 రకాలను పరిశోధకులు గుర్తించారు. వైరస్ చర్మపు పైపొర కణాలలో వృద్ధి చెందడం వల్ల ఆ పొర మందమై, రంగును కోల్పోతుంది. సిమ్యూలియం ప్రజాతికి చెందిన చిన్న నల్ల ఈగలు ఈ వైరస్‌ను ఒక జంతువు నుండి మరొక జంతువుకు చేరవేస్తాయని భావిస్తున్నారు. ఇవి పారే నీటిలో సంతానోత్పత్తి చేస్తాయి. ముఖ్యంగా ఉదయ, సాయం సంధ్యలలో వెంట్రుకలు పలుచగా ఉండే చెవి లోపలి భాగంపై వాలి రక్తం పీలుస్తాయి.

గుర్తింపు: మూడు వ్యాధుల మధ్య భేదం

చెవిపై కనిపించే ప్రతి మార్పూ ఒకే వ్యాధి కాదు. చికిత్సకు ముందు కింది మూడింటిని వేరుచేసి గుర్తించాలి.

1. ఆరల్ ప్లాక్: చెవి దొప్ప లోపలి వైపున, తరచుగా రెండు చెవులలోనూ, స్పష్టమైన అంచులు గల తెల్లని మచ్చలుగా కనిపిస్తుంది. పైన తెల్లని పొలుసు ఉంటుంది. అది ఊడితే కింద గులాబీ రంగు చర్మం బయటపడుతుంది. ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది.

2. చిన్న వయసు పులిపిర్లు: సాధారణంగా మూడేళ్లలోపు గుర్రాలలో ముట్టె, పెదవుల చుట్టూ, అప్పుడప్పుడు చెవులపై గుంపులుగా వచ్చే బూడిదరంగు పులిపిర్లు. ఇవీ పాపిల్లోమా వైరస్ వల్లనే వస్తాయి. అయితే రోగనిరోధక శక్తి పెంపొందగానే అధిక శాతం కొన్ని నెలలలో వాటంతట అవే రాలిపోతాయి. వీటికి ఓర్పే ప్రధాన చికిత్స.

3. సార్కాయిడ్: పశువుల పాపిల్లోమా వైరస్ 1, 2 రకాలతో సంబంధమున్న చర్మ కణితి. వెంట్రుకలు ఊడిన గరుకు మచ్చగానో, పులిపిరిగానో, కండ పెరిగిన పుండుగానో కనిపిస్తుంది. దీనిని గోకినా, కొంత భాగం కోసినా, ఘాటైన మందులతో కాల్చినా మరింత ఉద్ధృతంగా పెరిగే ప్రమాదం ఉంది.

ఈ భేదం తెలియకుండా చెవి మచ్చలపై ఆమ్లం, సున్నం వంటివి పూయడం, కత్తితో గీకడం ప్రమాదకరం. మార్వాడీ, కాఠియావాడీ జాతులలో లోపలికి వంగిన చెవులే జాతి లక్షణం. మానని గాయం వల్ల చెవి ఆకృతి చెడితే గుర్రం విలువ కూడా తగ్గుతుంది. సందేహమున్నచోట బయాప్సీ అవసరమా, కాదా అన్నది పశువైద్యుడే నిర్ణయించాలి.

చికిత్సకు ప్రమాణం

సస్యరక్షణలో పురుగు కనిపించగానే మందు పిచికారీ చేయరు. ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే చేస్తారు. ఆరల్ ప్లాక్ విషయంలోనూ అదే వివేకం అవసరం. మచ్చలున్నా చెవిని స్వేచ్ఛగా తాకనిస్తూ, కళ్లెం సులభంగా వేయించుకునే గుర్రానికి మందు అవసరం లేదు. ఈగల నివారణ చాలు. తల విదిలించడం, చెవిని తాకబోతే తల ఎత్తి వెనక్కి జరగడం, కళ్లెం పట్టీ చెవుల మీదుగా వేయనివ్వకపోవడం వంటి లక్షణాలు కొనసాగితే చికిత్సను ఆలోచించాలి. అయితే ముందుగా రెండు మూడు వారాలు ఈగలను పూర్తిగా అరికట్టి చూడాలి. చాలా సందర్భాలలో బాధకు కారణం మచ్చ కాక, ఈగ కాటు అయి ఉంటుంది.

ఇమిక్విమోడ్ చికిత్స

మనుషులలో జననేంద్రియ పులిపిర్ల చికిత్సకు ఇమిక్విమోడ్ లేపనాన్ని అమెరికాలో 1997లో అనుమతించారు. ఇది వైరస్‌ను నేరుగా చంపదు. చర్మంలోని రోగనిరోధక కణాలను ప్రేరేపించి, ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థాలను విడుదల చేయించి, ఆ కణాల ద్వారా వైరస్ సోకిన కణజాలాన్ని తొలగింపజేస్తుంది. కనుక వాపు రావడం మందు పనిచేసే తీరులో భాగమే.

అమెరికా పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రాథమిక అధ్యయనంలో ఈ లేపనాన్ని వారానికి మూడు రోజుల చొప్పున, వారం విడిచి వారం పూశారు. మధ్యలోని విరామం వాపు తగ్గడానికి తోడ్పడుతుంది. చికిత్స ఒకటిన్నర నుండి ఎనిమిది నెలల వరకు సాగింది. చేరిన 21 గుర్రాలలో 16 మాత్రమే అధ్యయనాన్ని పూర్తిచేశాయి. ఆ 16లోనూ మచ్చలు పూర్తిగా పోయాయి. 12 నుండి 22 నెలల తరువాత 14 గుర్రాలలో తిరిగి రాలేదు.

విద్యార్థులు ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. 16లో 14 అంటే 87.5 శాతం. చేరిన 21 గుర్రాలనూ హారంగా తీసుకుంటే అది 66.7 శాతమే. రైతు ఇంట మొదలుపెట్టిన ప్రతి చికిత్సా చివరి వరకు సాగదు గనుక సలహా ఇచ్చేటప్పుడు రెండవ అంకెను కూడా చెప్పడం న్యాయం. ఈ అధ్యయనంలో మందు వేయని పోలిక వర్గం లేదు. అయితే ఈ మచ్చలు సాధారణంగా వాటంతట అవి మానవు గనుక ఫలితానికి విలువ ఉంది.

పాటించవలసిన జాగ్రత్తలు

• ఇది మనుషుల కోసం తయారైన మందు. పశువైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.
• లేపనం పూసేవారు చేతి తొడుగులు ధరించాలి. మచ్చపై మాత్రమే పలుచగా పూయాలి.
• పూసిన చోట మందమైన పక్కులు కడతాయి. తరువాతి పూతకు ముందు గోరువెచ్చని నీటితో నానబెట్టి మెల్లగా తొలగించాలి, బలవంతంగా ఊడదీయరాదు.
• పక్కులు తీయడం ఎంతో నొప్పి కలిగిస్తుంది. చాలా గుర్రాలకు పశువైద్యుడు మగతనిచ్చే మందు ఇవ్వవలసి వస్తుంది. అందుకు అవకాశం లేనిచోట చికిత్స ప్రారంభించకపోవడమే మేలు. నొప్పితో బెదిరిన గుర్రం మచ్చలు మానిన తరువాత కూడా చెవిని తాకనివ్వకపోవచ్చు.
• చికిత్సాకాలంలో పని తగ్గుతుంది గనుక ఊరేగింపుల కాలం ముగిశాక మొదలుపెట్టడం యజమానికి అనుకూలం.

నివారణ

చెవులను కప్పే వల ముసుగు తొడగాలి. సంధ్యా సమయాలలో గుర్రాన్ని శాలలోనే ఉంచాలి. బలమైన గాలిలో నల్ల ఈగల సంచారం తగ్గుతుంది. శాలలో పంకా తిరుగుతుంటే వాటి రాక తగ్గుతుంది. చెవి లోపల పలుచగా పూసిన పెట్రోలియం జెల్లీ ఈగ కాటును కొంత అడ్డుకుంటుంది. చెవి లోపలి వెంట్రుకలను అందం కోసం కత్తిరించరాదు. అవి గుర్రానికి సహజ రక్షణ. కాలువలు, వాగుల పక్కన గుర్రాలను కట్టివేసే అలవాటు ఉంటే చోటు మార్చాలి.

ముగింపు

ఆరల్ ప్లాక్ విషయంలో విస్తరణ శాస్త్రవేత్త ముందుగా చేయవలసింది వ్యాధిని సరిగా గుర్తించడం, తరువాత ఈగలను అరికట్టించడం. అప్పటికీ గుర్రం బాధపడుతూ ఉంటేనే, నొప్పిని అదుపుచేసే ఏర్పాటుతో ఇమిక్విమోడ్ చికిత్సను సూచించాలి. మచ్చలున్నా కళ్లేనికి లొంగే గుర్రం యజమానికి ఉపయోగపడుతుంది; చెవి నిగనిగలాడుతున్నా మనిషి చేయి చూసి బెదిరే గుర్రం ఉపయోగపడదు. ఈ సంగతి యజమానికి వివరించిన తరువాతనే మందు పేరు చెప్పడం ఉచితం.