సముద్ర తాబేళ్ల రక్షణలో సందర్శకుల పాత్ర

మన తూర్పు సముద్రతీరానికి ఏటా శీతాకాలంలో రెండు రకాల యాత్రికులు వస్తారు. పగటి ఎండ తగ్గిన తరువాత సేద తీరడానికి వచ్చే మనుషులు ఒక రకం. అర్ధరాత్రి అలల నుండి మెల్లగా పైకి పాకి, గుడ్లు పెట్టి తిరిగి వెళ్లిపోయే ఆలివ్ రిడ్లే తాబేళ్లు రెండవ రకం. ఈ ఇద్దరికీ కావలసినది ఒకే ఇసుకతీరం. మనుషులకు తీరం ఒక వినోదస్థలం. తాబేలుకు మాత్రం దాని జాతి కొనసాగడానికి వేరే చోటు లేదు. కనుక అక్కడ మన నడవడి ఎలా ఉండాలన్నది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు.

తాబేళ్లను కాపాడడానికి సందర్శకుల వద్ద ధనం గాని, ప్రత్యేక శిక్షణ గాని ఉండనవసరం లేదు. వాటి జీవితంలో ఏ ఘట్టంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకొని, ఆ సమయంలో దూరంగా నిలబడగలిగితే చాలు. అయితే ఇది విన్నంత సులభం కాదు. తాబేళ్లకు కలిగే హానిలో కొంత భాగం వాటిమీద జాలితో, ప్రేమతో దగ్గరకు వెళ్లేవారి వల్లనే కలుగుతున్నది.

అన్ని తీరాలకు చెందిన ప్రాణి

భారతదేశపు సముద్రాలలో ఐదు జాతుల తాబేళ్లు కనిపిస్తాయి. వాటిలో ఆలివ్ రిడ్లే సంఖ్యలో అధికం. ఒడిశాలోని గహిర్‌మఠ, దేవీ నదీముఖం, గంజాం జిల్లాలోని ఋషికుల్య నదీముఖం ఇవి గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే ప్రదేశాలు. గహిర్‌మఠ సంగతి శాస్త్రలోకానికి 1974లోను, ఋషికుల్య సంగతి 1994లోను తెలిసింది. 2025 ఫిబ్రవరిలో ఒక్క ఋషికుల్య తీరానికే సుమారు 7 లక్షల తాబేళ్లు వచ్చినట్లు లెక్కగట్టారు. కొన్ని సంవత్సరాలలో అదే తీరానికి గుంపులు రానే రావు. ఒక ఏటి సమృద్ధిని చూసి నిశ్చింతగా ఉండడానికి వీలులేదు.

గంజాం తీరపు మత్స్యకార గ్రామాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ గ్రామాల యువకులు గుడ్ల కాలంలో రాత్రులు కాపలా కాస్తారు. శ్రీకాకుళం మొదలుకొని దక్షిణంగా ఆంధ్రతీరమంతటా తాబేళ్లు విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. మద్రాసు నగర తీరంలో 1988లో కళాశాల విద్యార్థులు ప్రారంభించిన రాత్రి నడకలు నేటికీ సాగుతున్నాయి. పశ్చిమతీరంలో, మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా వేళాస్ గ్రామం 2006 నుండి తాబేళ్ల ఉత్సవం జరుపుకొంటున్నది.

ఈ తీరాలన్నిటినీ కలిపే ఉదాహరణ ఒకటి ఇటీవల వెలుగులోకి వచ్చింది. 2021లో గహిర్‌మఠ వద్ద శాస్త్రజ్ఞులు ఒక ఆడ తాబేలుకు గుర్తింపు బిళ్ల తగిలించి విడిచిపెట్టారు. 2025 జనవరిలో అదే తాబేలు రత్నగిరి జిల్లాలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. అది దాదాపు 3,500 కిలోమీటర్లు ప్రయాణించి ఉంటుందని అంచనా. ఒడిశాలో రక్షణ పొందిన ప్రాణి మహారాష్ట్ర ఇసుకలో గుడ్లు పెట్టింది. ఈ రెండింటి నడుమ ఏ ఒక్క రాష్ట్రపు తీరం దానికి కీడు చేసినా మిగిలిన రాష్ట్రాల శ్రమ వృథా అయ్యేది.

గుడ్లు పెట్టే రాత్రి

తూర్పుతీరంలో డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు గుడ్లు పెట్టే కాలం. తాబేలు సాధారణంగా చీకటిలోనే ఒడ్డుకు వస్తుంది. అలలు తాకని పొడి ఇసుక వరకు పాకి, వెనుక కాళ్లతో సుమారు మూరెడు లోతున కూజా ఆకారంలో గుంట తవ్వుతుంది. అందులో నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుకతో కప్పి, తన శరీరంతో పైన అదిమి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఈ పని అంతా సుమారు గంటలో ముగుస్తుంది.

ఈ గంటలో మొదటి భాగం ఎంతో సున్నితమైనది. ఒడ్డుకు వస్తున్నప్పుడు గాని, గుంట తవ్వుతున్నప్పుడు గాని వెలుగు, అలికిడి, మనుషుల కదలిక కనిపిస్తే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. కనుక దానిని చూసినవారు ఉన్నచోటనే ఆగిపోవాలి. టార్చి, ఫోన్ దీపం, కెమెరా ఫ్లాష్ వాడరాదు. దాని దారికి అడ్డుగా, కళ్లకు ఎదురుగా నిలబడరాదు. అటవీ సిబ్బంది గాని, అనుభవజ్ఞులైన స్వచ్ఛంద కార్యకర్తలు గాని వెంట ఉంటే వారు చెప్పినప్పుడు, చెప్పిన చోటి నుండి, వెనుకవైపు నిలబడి చూడవచ్చు. వారు వాడే మంద్రమైన ఎర్రని కాంతి చాలు.

గుడ్లు పెట్టే తాబేలు కళ్ల నుండి నీరు కారుతుంది. నొప్పితో ఏడుస్తున్నదని కొందరు దానిని నిమరడానికి ముందుకు వెళతారు. నిజానికి సముద్రజలంతో శరీరంలో చేరిన అదనపు ఉప్పును అది కంటి వద్దనున్న గ్రంథుల ద్వారా ఆ విధంగా బయటికి పంపుతుంది. ఒడ్డున కనిపించిన తాబేలు దారి తప్పిందని భావించి నీటిలోకి తోసేవారు కూడా ఉన్నారు. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లిని ఆ విధంగా తిప్పిపంపడం కంటే అపకారం లేదు. గాయపడిన తాబేలు కనిపించినా నీటిలోకి నెట్టక, అటవీశాఖకు తెలియజేయాలి.

గుంపు చేరితే జరిగే కీడుకు విదేశాలలో ఒక ఉదాహరణ ఉన్నది. 2015 సెప్టెంబరులో కోస్టారికా దేశపు ఓస్టియోనల్ తీరానికి తాబేళ్లను చూడవచ్చిన జనం అధికమై, ఎన్నో తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే వెనుకకు మరలాయి. వచ్చినవారు వేటగాళ్లు కారు. చూడాలనే కోరికతో వచ్చినవారే.

ఇసుక కింద

గుడ్లు పొదగడానికి 45 నుండి 60 రోజులు పడుతుంది. తల్లి తిరిగి రాదు. పొదిగే పని ఇసుక వేడిమిదే. ఇసుక వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, కొంత చల్లగా ఉంటే మగపిల్లలు అధికంగా పుడతాయి. పెట్టిన కొద్ది గంటలకు గుడ్డులోని పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తరువాత గుడ్డును తిప్పినా, కుదిపినా పిండం చనిపోవచ్చు. గుడ్లను కంచె వేసిన సంరక్షణ కేంద్రాలకు తరలించే పని శిక్షణ పొందినవారికే వదిలివేయాలని చెప్పడానికి కారణమిదే. గుడ్లు బయటపడి కనిపిస్తే చుట్టూ జనం తొక్కకుండా చూసి, సిబ్బందికి కబురు పంపడమే సందర్శకుడు చేయదగిన మేలు.

తీరం మీద మోటారు వాహనాలు నడిపితే కిందనున్న గుంటలు అణగిపోతాయి; చక్రాల జాడలు చిన్న పిల్లలకు దాటరాని కాలువలవుతాయి. పిల్లలు ఆటలో తవ్విన గోతులను ఇంటికి వెళ్లేముందు పూడ్చివేయాలి. కుర్చీలు, బల్లలు రాత్రివేళ ఇసుకమీద ఉంచరాదు. తినగా మిగిలిన పదార్థాలను పారవేస్తే కుక్కలు, పందులు, కాకులు చేరుతాయి. వాసన పట్టి గుడ్లను తవ్వి తినేవి కూడా అవే. ఇంటి నుండి తెచ్చినదంతా, ముఖ్యంగా ప్లాస్టిక్ సంచులు, తిరిగి ఇంటికే తీసుకుపోవాలి.

పిల్లలు బయలుదేరే వేళ

ఇసుక చల్లబడిన రాత్రివేళ పిల్లలు గుంపుగా పైకి వస్తాయి. వాటికి దారి చూపేది వెలుగు. సహజమైన తీరంలో నేల వైపు చీకటిగాను, నక్షత్రకాంతి ప్రతిఫలించే సముద్రం వైపు కొంత తేటగాను ఉంటుంది. అవి ఆ తేట వైపే పరుగెత్తుతాయి. కాని విశాఖపట్నం వంటి నగరాలలో ఇసుక పక్కనే రహదారి, దాని వెంట దీపాల వరుస ఉన్నాయి. సముద్రం వైపు పోవలసిన పిల్లలు దీపాల వైపు పాకి వాహనాల కింద పడతాయి. లేదా తెల్లవారే వరకు తిరిగి ఎండకు, కాకులకు బలి అవుతాయి. కడుపులో మిగిలిన పచ్చసొన ఇచ్చే శక్తితోనే అవి మొదటి రోజులు ఈదవలసి ఉంటుంది. ఇసుకమీద తిరిగిన ప్రతి అడుగు ఆ పరిమితమైన శక్తిని హరిస్తుంది.

తీరాన ఇళ్లు, హోటళ్లు ఉన్నవారు ఈ కాలంలో సముద్రం వైపు దీపాలు ఆర్పడం, అది వీలుకాకపోతే కిందికి వంచి మరుగు కల్పించడం మంచిది. హోటలులో దిగిన యాత్రికుడు తన గది తెరలు మూసుకోవచ్చు. యజమానిని ఆ మేరకు కోరవచ్చు. చలిమంటలు, బాణసంచా ఈ కాలంలో తీరంమీద తగవు.

పిల్లలను అరచేతిలోకి తీసుకొని నీటిలో వదలాలన్న కోరిక సహజం. కాని ఇసుకమీద అవి స్వయంగా పాకి వెళ్లడం తమ జన్మస్థలాన్ని గుర్తుంచుకొనడానికి తోడ్పడుతుందని భావిస్తున్నారు. ఆడ తాబేళ్లు పెద్దవైన పిదప సాధారణంగా తాము పుట్టిన ప్రాంతానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. అందువల్ల సంరక్షణ కేంద్రాలలో పిల్లలను విడిచే కార్యక్రమానికి వెళ్లినవారు గీసిన గీత దాటక, చేతికి ఇమ్మని అడగక, అవి నడిచిపోతుంటే చూడాలి. వెయ్యి పిల్లలలో పెద్దదయ్యేది సుమారు ఒక్కటేనని ఒక అంచనా.

చట్టమూ, అలవాటూ

1970లలో ఒడిశా తీరం నుండి తాబేళ్లు లారీలలో, రైళ్లలో కలకత్తా మార్కెట్టుకు మాంసం కోసం చేరేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి వాటికి రక్షణ కల్పించారు. వాటిని చంపినా, గుడ్లు తీసినా 3 నుండి 7 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. సముద్రంలో మరపడవల వలలకు చిక్కి ఊపిరాడక చనిపోయే తాబేళ్ల సమస్య నేటికీ తీవ్రంగానే ఉన్నది. 2025 జనవరిలో మద్రాసు పరిసర తీరాలకు వందల సంఖ్యలో మృతదేహాలు కొట్టుకువచ్చాయి. దీనికి పరిష్కారం ప్రభుత్వాలు, మత్స్యకారులు కలిసి సాధించవలసినది. చనిపోయిన తాబేలు కనిపించినప్పుడు స్థలం, సమయం అధికారులకు తెలియజేసే సందర్శకుడు కూడా ఆ కృషికి సాక్ష్యం అందించినవాడవుతాడు.

చట్టం వేటగాడిని శిక్షించగలదు గాని, సెలవురోజున పిల్లాపాపలతో తీరానికి వచ్చిన ప్రతి కుటుంబం వెంట కాపలా ఉండలేదు. ఆ పని పాఠశాలలు, యాత్రా సంస్థలు, హోటళ్లు, అన్నిటినీ మించి తల్లిదండ్రులు చేయవలసి ఉన్నది. డిసెంబరు నుండి మే వరకు సముద్రానికి వెళ్లే పిల్లలకు దీపం ఆర్పమని, గొయ్యి పూడ్చమని, తాబేలు కనిపిస్తే కదలక నిలబడమని ముందుగానే చెప్పి తీసుకువెళ్లాలి. ఆ తరువాత వారు తీరాన చూసేది ఏదైనా, జీవితాంతం గుర్తుంచుకొనే పాఠమవుతుంది.