ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు.. మరి డౌన్‌లోడ్ స్పీడ్ ఎందుకు తగ్గింది?

10 ఎంబీ ఫోటో ఒకటి డౌన్‌లోడ్ చేస్తే అది ఫోన్‌కి ఒకే ముక్కగా రాదు. ఒక్కోదాంట్లో సుమారు 1,460 బైట్ల డేటాతో దాదాపు 7 వేల ప్యాకెట్లుగా వస్తుంది. ఇవన్నీ బయల్దేరిన వరసలోనే చేరాలని గ్యారంటీ లేదు. ముఖ్యంగా వైఫై, మొబైల్ డేటా రెండూ కలిపి ఒకే కనెక్షన్‌లా వాడినప్పుడు, ఒక దారి 20 మిల్లీసెకన్లు, ఇంకోటి 80 తీసుకుంటే వెనకది ముందొచ్చేస్తుంది.

వస్తే ఏమైంది, ఫోన్ సర్దుకోదా? సర్దుకుంటుంది. డేటాకి సీక్వెన్స్ నంబర్లు ఉండేది అందుకే. అసలు తంటా పంపేవైపు, అంటే సర్వర్ దగ్గర.

1, 2 వచ్చాయి, 3 లేటైంది, 4, 5, 6 వచ్చేశాయి అనుకుందాం. టీసీపీలో ఆ మూడింటికీ ఫోన్ ఇచ్చే జవాబు ఒకటే: "నాకింకా 3 కావాలి". ఇలా మూడుసార్లు రిపీట్ అయితే 3 పోయిందని సర్వర్ తేల్చేసుకుంటుంది. దాన్ని మళ్లీ పంపి ఊరుకుంటే బాగుండేది. దారిలో రద్దీ ఉందనుకుని, ఒక విడతలో పంపే డేటాని కూడా కోసేస్తుంది: పాత రెనో అల్గారిథమ్ అయితే సగానికి, లినక్స్‌లో డిఫాల్ట్‌గా వచ్చే క్యూబిక్ అయితే 30 శాతం. ఈలోపు అసలు 3 తాపీగా దిగుతుంది! రూటర్లు సాధారణంగా ఒక కనెక్షన్ ప్యాకెట్లన్నిటినీ ఒకే దారిలో పంపేది ఈ గొడవ లేకుండా ఉండటానికే.

దీనికి నాకు బాగా నచ్చిన మందు ర్యాక్. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8985గా వచ్చింది. ఇది జవాబులు లెక్కపెట్టడం కంటే టైమ్ మీద ఎక్కువ ఆధారపడుతుంది. కనెక్షన్‌లో వరస తప్పడం ఒకసారి కనిపించిందా, ఆ తర్వాత రౌండ్ ట్రిప్ టైమ్‌లో పావు వంతు అదనంగా ఆగి చూస్తుంది. 40 మిల్లీసెకన్లయితే ఇంకో 10 అన్నమాట. అప్పటికీ రాకపోతేనే పోయినట్టు.

హెచ్‌టీటీపీ/3 కింద ఉండే క్విక్‌లో ఇంకో సుఖం ఉంది. ఒక ఫోటో ప్యాకెట్ లేటైతే ఆ ఫోటోనే ఆగుతుంది, పక్క ఫోటోలు ఆగవు. టీసీపీలో అయితే వెనకవన్నీ క్యూలో నిలబడాల్సిందే.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: డౌన్‌లోడ్‌లో ఈ నిర్ణయాలన్నీ సర్వర్‌వి. మీ ఫోన్‌లో ఏ "నెట్ బూస్టర్" యాప్ వేసినా వాటిని మార్చలేదు.