మన పాటయు, కూలివాని మొరయు

పాఠభాగములు: ఆమోసు 5:21-24, 1 దినవృత్తాంతములు 28:2-3, యాకోబు 5:4



ఈ నెల పాఠములో మన ప్రాంతపు పాటగాడు సుద్దాల హనుమంతుగారిని జ్ఞాపకము చేసికొందము. ఆయన నేతపని కుటుంబములో పుట్టినవాడు. నాటి నల్లగొండ జిల్లాలోని సుద్దాల గ్రామములో స్థిరపడి, తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొని, 1982 అక్టోబరు 10న మరణించెను. ఆయన మన సంఘస్థుడు కాడు, కమ్యూనిస్టు. అయినను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెలలో నివసించు మనకు ఆయన పాటవలన నేర్చుకొనదగిన సంగతి యొకటి యున్నది.

నిజాము కాలములో మన పెద్దలు వెట్టిచాకిరి చేసిరి. దొర పిలిచినప్పుడు తమ పని విడిచి పోవలెను. చేసిన పనికి కూలి లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు కూలిన పిమ్మట పోరాటము పల్లె పల్లెకు వ్యాపించెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చి నిజాము పాలనను అంతము చేసెను. పోరాటము మాత్రము 1951 అక్టోబరు వరకు సాగెను.

ఆ దినములలో హనుమంతుగారు జనులెరిగిన గొల్లసుద్దులను, బుఱ్ఱకథను చేపట్టెను. చదువురాని వారికిని అర్థమగునట్లు వారి మాటలలోనే వారి కష్టమును పాడెను. ఆయన పాటలలో ‘పల్లెటూరి పిల్లగాడా’ పేరు పొందినది. ఆడుకొనవలసిన వయసులో పశువుల వెంట తిరుగు జీతగాని గూర్చిన పాట యది. 1979లో వచ్చిన ‘మా భూమి’ చిత్రము ద్వారా అది మరల ఊరూర వినబడెను. పశువుల కొట్టములోని పిల్లవానిని ఎవరును లెక్కచేయని కాలములో పాటగాడు వానిని చూచెను. ఇది చిన్న సంగతి కాదు.

పోరాటములో ఇరుపక్షములను రక్తము చిందినది. దానిని మనము పొగడము. దావీదు సితారా వాయించినవాడు, యుద్ధము చేసినవాడు కూడ. రక్తము ఒలికించినందున మందిరము కట్టుటకు అతనికి సెలవు దొరకలేదు. అయినను అతని కీర్తనలను నేటికిని పాడుచున్నాము. కత్తిపని కాలముతో గతించును. దీనుని పక్షముగా పాడిన పాట నిలుచును.

అయితే పాట యుంటే చాలునా? ఆమోసు ప్రవక్త దినములలో ఇశ్రాయేలీయులకు పాటలు కొదువలేదు, వాద్యములు కొదువలేదు. బీదలను త్రొక్కుచు పాడిన ఆ పాటలను దేవుడు వినుట కిష్టపడలేదు. న్యాయము నీళ్లవలె పారవలెనని ఆయన కోరెను. పొలము కోసినవారికి బిగబట్టిన కూలియే మొరపెట్టుననియు, ఆ మొర ప్రభువు చెవిని బడుననియు యాకోబు వ్రాసెను. కాబట్టి ఆదివారము మన పాటతోపాటు మన కూలివాని మొరయు పరలోకమునకు చేరుచున్నది. దేవుడు రెంటిని వినును.

నేడు దొరల వెట్టి లేదు. నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరి పండుచున్నది. 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని 2009లో చట్టము వచ్చినది. మనలో కొందరికి సొంత పొలమున్నది, కూలివారిని పిలుచుచున్నాము. తాత వెట్టి చేసినవాడైనను, మనుమడు కూలి ఎగవేయవచ్చును. కనుక మనలను మనమే పరీక్షించుకొందము.

ఇంటివద్ద కుటుంబముగా ఆలోచించుడి:

1. నాట్లకు, కోతకు వచ్చినవారి కూలి మనయొద్ద నిలిచియున్నదా? ద్వితీయోపదేశకాండము 24:14-15 చదివి, వచ్చే ఆదివారమునకు ముందే చెల్లించుడి.

2. మన ఊరిలో బడి మానిన పిల్లవాడెవడు? అతని పేరు మనకు తెలియునా? ఈ వారము వాని తలిదండ్రులను కలిసికొనుడి.

3. మన సంఘములో పాడువారు బీదవాని కష్టమును ప్రార్థనలో జ్ఞాపకము చేసికొనుచున్నారా?

ఈ పనులు చేసినవారమై ఆదివారము తబలా, కంజిర పట్టుకొందము. అప్పుడు మన పాట ప్రభువునకు ఇంపుగా నుండును.